తెల్లారాక చూద్దామా, ఇప్పుడే బయల్దేరాలా: పిల్లల ఆయాసంలో అత్యవసరాన్ని గుర్తించడం

సారాంశం: ఉబ్బసం ఉన్న బిడ్డకు ఆయాసం వచ్చినప్పుడు పిల్లికూతల శబ్దాన్ని బట్టి తీవ్రతను అంచనా వేస్తే చాలాసార్లు పొరబాటవుతుంది. ఊపిరి తీయడానికి బిడ్డ పడుతున్న శ్రమ, మాట తీరు, మెలకువ చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా రిలీవర్ పంపుకు (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం కోసం పీల్చే సాల్బుటమాల్ వంటి మందు ఇన్‌హేలర్‌కు) ఆయాసం ఎంతవరకు లొంగుతోందో చూడాలి. పంపు ఇచ్చినా తగ్గకపోతే, తగ్గినా మూడు నాలుగు గంటలు గడవకముందే తిరగబెడితే ఆసుపత్రికి వెళ్లాలి. మాట రాకపోయినా, పెదాలు నీలం తిరిగినా, బిడ్డ మగతగా వాలిపోతున్నా పంపు ఇస్తూనే 108కి ఫోన్ చేయాలి.

రాత్రి పూట తీసుకునే నిర్ణయం

పిల్లల ఆయాసం గురించిన నిర్ణయం చాలా ఇళ్లలో అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య తీసుకోవలసి వస్తుంది. అందుకు శరీర ధర్మమే కారణం. వాపును అదుపులో ఉంచే కార్టిసోల్, శ్వాసనాళాలను తెరిచి ఉంచడానికి తోడ్పడే అడ్రినలిన్ రాత్రి వేళ బాగా తగ్గుతాయి. శ్వాసనాళాల వెడల్పు తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో అతి తక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే వీధిలోని క్లినిక్ మూసి ఉంటుంది, రోజూ చూసే డాక్టరు అందుబాటులో ఉండరు, పట్నం వెళ్లడానికి బండి దొరకదు. ‘తెల్లారాక చూద్దాం’ అన్న మాట అక్కడ పుడుతుంది. చాలా రాత్రులు ఆ మాట సరిపోతుంది కూడా. సరిపోని రాత్రిని గుర్తుపట్టడం ఎలాగన్నదే ప్రశ్న.

ఆలస్యం ఖరీదు ఎంతో బ్రిటన్‌లో జరిగిన ఒక సమీక్ష చూపించింది. 2012 ఫిబ్రవరి నుంచి 2013 జనవరి దాకా ఉబ్బసంతో సంభవించిన 195 మరణాలను అక్కడి వైద్యులు ఒక్కొక్కటిగా పరిశీలించి 2014లో నివేదిక ఇచ్చారు. మృతుల్లో 28 మంది 20 ఏళ్లలోపువారు. పదేళ్లలోపు పిల్లలు పదిమంది ఉంటే, వారిలో ఎనిమిది మంది ఆసుపత్రికి చేరకముందే చనిపోయారు. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే 45 శాతం మంది వైద్య సహాయం కోరకుండానో, కోరినా అది అందకముందో మరణించారు. తీవ్రతను అంచనా వేయగలిగిన కేసుల్లో సగానికి పైగా, తేలికపాటి లేదా మధ్యస్థ ఉబ్బసానికి చికిత్స పొందుతున్నవారివే. అంటే ‘మావాడికి పెద్దగా లేదులెండి’ అనుకునే ఇళ్లలోనే ఇది ఎక్కువగా జరిగింది. ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చే, ఉచిత వైద్యం ఉండే దేశంలో పరిస్థితి ఇది. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో సుమారు ఎనిమిదో వంతు భారత్‌లో ఉండగా, ఉబ్బసం మరణాల్లో మన వాటా 40 శాతం దాటుతుందని అంతర్జాతీయ వ్యాధిభార అంచనాలు చెబుతున్నాయి. వ్యాధి ఎంతమందికి ఉందన్నదానికీ, దానితో ఎంతమంది పోతున్నారన్నదానికీ మధ్య ఇంత తేడా ఉందంటే, లోపం చికిత్స అందే తీరులో ఉన్నట్టే.

లోపల జరిగేది

ఉబ్బసం దాడిలో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాస్తుంది. జిగట కఫం పేరుకుని సన్నని గొట్టాలను మూసేస్తుంది. సాల్బుటమాల్ పంపు సడలించేది మొదటిదాన్ని, అంటే కండరం బిగుతును మాత్రమే. అందుకే ఐదు పది నిమిషాల్లో ఉపశమనం కనిపిస్తుంది. వాపును తగ్గించేవి స్టెరాయిడ్లు. నోటి ద్వారా ఇచ్చినా, సూదితో ఇచ్చినా వాటి పని కనిపించడానికి గంటల సమయం పడుతుంది. పంపుకు లొంగని ఆయాసమంటే, బిగుతును దాటి వాపూ కఫమూ ముదిరాయని అర్థం చేసుకోవాలి. ఇంట్లో ఉన్న మందులతో ఆ స్థితిని వెంటనే తిప్పలేం.

పిల్లల్లో ఇది పెద్దలకంటే త్వరగా ముదరడానికి కారణం గొట్టాల కొలత. గాలి సాఫీగా పారే గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే అడ్డు పదహారు రెట్లు అవుతుంది. పెద్దవారి వెడల్పాటి నాళంలో ఒక మిల్లీమీటరు వాపు ఇబ్బంది పెడుతుంది, రెండేళ్ల బిడ్డ సన్నని నాళంలో అదే వాపు దారిని చాలావరకు మూసేస్తుంది. దానికి తోడు చిన్నపిల్లల పక్కటెముకలు మెత్తగా ఉంటాయి. గట్టిగా గాలి లాగినప్పుడు ఛాతీ విచ్చుకోవడానికి బదులు లోపలికి కుంగుతుంది. ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి లాగే డయాఫ్రం కండరం కూడా త్వరగా అలిసిపోతుంది. అందువల్ల ‘బాగా పోరాడుతున్నాడు’ అన్న స్థితి నుంచి ‘ఇక చేతకావడం లేదు’ అన్న స్థితికి బిడ్డ చేరడానికి ఎక్కువ సేపు పట్టదు.

శబ్దం ఎందుకు మోసం చేస్తుంది

పిల్లికూతలు వినిపిస్తే భయపడటం, తగ్గితే ఊరట చెందడం సహజం. కానీ కూత రావాలంటే ఇరుకు నాళంలోంచి తగినంత గాలి వేగంగా కదలాలి. నాళాలు మరీ మూసుకుపోయి గాలి రాకపోకలు పడిపోతే కూత కూడా ఆగిపోతుంది. డాక్టరు స్టెతస్కోప్ పెట్టినా ఏమీ వినిపించని ఈ దశను నిశ్శబ్ద ఛాతీ అంటారు. ఉబ్బసంలో అత్యంత ప్రమాదకరమైన గుర్తుల్లో ఇదొకటి. మరోవైపు ఇల్లంతా వినిపించే కూతలతో ఆడుకుంటూ తింటూ ఉన్న బిడ్డ అంత ప్రమాదంలో ఉండకపోవచ్చు. కూత తగ్గినప్పుడు బిడ్డ తేలికపడి మాట్లాడుతుంటే అది మెరుగుదల. కూత తగ్గినా డొక్కలు ఎగురుతూనే ఉంటే, బిడ్డ నీరసించిపోతుంటే వెంటనే కదలాలి.

ఇలాంటి పొరబాటే నిద్ర విషయంలోనూ జరుగుతుంది. గంటల తరబడి కూర్చుని గస పోసిన బిడ్డ తెల్లవారుజామున మూడింటికి కళ్లు మూస్తే ఇంటిల్లిపాదీ ‘హమ్మయ్య, నిద్రపట్టింది’ అనుకుంటారు. దాడి మొదట్లో బిడ్డ వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మామూలుకంటే తగ్గుతుంది. కండరాలు అలిసేకొద్దీ అది మళ్లీ మామూలు స్థాయికి, అక్కణ్నుంచి పైకి ఎగబాకుతుంది. అలా పెరిగినప్పుడు వచ్చేది నిద్ర కాదు, మగత. ఆసుపత్రిలో రక్త పరీక్షలో ఈ అంకె ‘నార్మల్’ అని వచ్చినా, తీవ్రంగా ఆయాసపడుతున్న బిడ్డ విషయంలో వైద్యులు హెచ్చరికగా చూసేది ఇందుకే. నిద్రకూ మగతకూ తేడా తెలుసుకోవడానికి ఇంట్లో ఒక మార్గం ఉంది. బిడ్డను తట్టి లేపాలి. చిరాకుపడి లేచి అమ్మను గుర్తుపట్టి, పక్కకు తిరిగి మళ్లీ పడుకుంటే, ఊపిరి వేగం కూడా తగ్గి ఉంటే అది ఉపశమనంతో పట్టిన నిద్ర. లేపినా తేరుకోకపోతే, తల వాలిపోతుంటే, పిలిస్తే పలకకపోతే 108కి ఫోన్ చేయడానికి ఇంకో కారణం వెతకనక్కర్లేదు. తుమ్ములకూ జలుబుకూ వాడే కొన్ని సిరప్‌లు నిద్ర తెప్పిస్తాయి. ఆయాసం వచ్చిన రాత్రి వాటిని ఇస్తే ఈ తేడా తెలియకుండా పోతుంది.

కళ్లతో చూడవలసిన శ్రమ

చొక్కా విప్పి, వెలుతురులో ఒక నిమిషం ఛాతీని చూడటం మంచి పరీక్ష. పక్కటెముకల మధ్య చర్మం, ఎముకల కింది భాగం, గొంతు కింది గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతున్నాయా, ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయా, చంటిబిడ్డ అయితే ప్రతి ఊపిరికీ తల ఊగుతోందా అన్నవి చూడాలి. పల్లెల్లో ‘డొక్కలు ఎగరేస్తున్నాడు’, తెలంగాణలో ‘దమ్ము ఎగపోస్తుంది’ అనే మాటలు వర్ణించేది ఈ స్థితినే. పెద్దవాళ్లు ఆ మాట అన్నారంటే తేలిగ్గా తీసుకోకూడదు. కొంచెం పెద్ద పిల్లలైతే పడుకోలేక మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్లమీద ఆనించి ముందుకు వంగుతారు. అలాంటి బిడ్డను బలవంతంగా పడుకోబెట్టకూడదు. ఆ భంగిమలో ఛాతీకి అదనపు కండరాల సాయం అందుతుంది.

మాట ఇంకా తేలికైన కొలత. ‘అమ్మా, నాకు కొంచెం మంచినీళ్లు కావాలి’ అని ఒక్క ఊపిరిలో అనగలిగిన బిడ్డకు కొంత వ్యవధి ఉన్నట్టు. ‘మంచి… నీళ్లు’ అని మాటకొక ఊపిరి తీసుకుంటుంటే దాడి తీవ్రమైనట్టు. అసలు మాటే రాకపోతే అది ప్రాణాపాయ స్థితి. మాటలు రాని పసివాళ్లలో ఏడుపూ, పాలు తాగడమూ ఆ పనిచేస్తాయి. ఏడుపు సన్నగా, ముక్కలు ముక్కలుగా వస్తుంటే, నాలుగు గుక్కలు తాగి ఊపిరి కోసం వదిలేస్తుంటే ఆసుపత్రికి వెళ్లాలి.

ఊపిరి లెక్క పెట్టేటప్పుడు పూర్తిగా 60 సెకన్లు లెక్కించాలి, ఏడుపు ఆగాకే లెక్కించాలి. నిమ్మును గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుల ప్రకారం 2 నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40 లేదా ఆపైన ఉంటే వేగం ఎక్కువే. ఉబ్బసం విషయంలోనూ ఐదేళ్లలోపు 40, ఐదేళ్లు దాటాక 30 మించితే తీవ్ర దాడి గుర్తుగా బ్రిటిష్ మార్గదర్శకాలు లెక్కిస్తాయి. నాడి వేగాన్ని మాత్రం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. సాల్బుటమాల్ కూడా గుండె వేగాన్ని పెంచుతుంది, చేతులు వణికిస్తుంది. పంపు ఇచ్చాక గుండె కొట్టుకోవడం పెరిగిందని భయపడి తర్వాతి మోతాదు ఆపేయడం తరచూ జరిగే పొరబాటు.

ఆక్సీమీటర్ అంకె ఎంతవరకు నమ్మాలి

కొవిడ్ తర్వాత చాలా ఇళ్లలోకి, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ వచ్చింది. 92 కంటే తక్కువ చూపిస్తే అది అత్యవసరమే, సందేహం లేదు. 92కూ 94కూ మధ్య ఉన్నా డాక్టరు చూడవలసిందే. చిక్కంతా 96 చూపించినప్పుడు వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గుతున్నా ఈ అంకె కొంతసేపు పైనే నిలబడి, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. బిడ్డ విపరీతంగా శ్రమపడి ఆ 96ను నిలబెట్టుకుంటూ ఉండవచ్చు. ఎంత శ్రమతో ఆ అంకె వస్తోందో యంత్రం చెప్పదు, కళ్లతోనే చూడాలి. అందువల్ల అంకె తక్కువైతే వెళ్లాలి, అంకె బాగున్నంత మాత్రాన ఆగిపోకూడదు.

కొలతలోనూ ఇబ్బందులున్నాయి. పెద్దల వేలికి చేసిన క్లిప్పు చంటిబిడ్డ వేలికి సరిగ్గా పట్టదు. చల్లబడ్డ చేతులు, నెయిల్ పాలిష్, కదలిక అంకెను తప్పిస్తాయి. చర్మం రంగు ప్రభావం కూడా తక్కువేమీ కాదు. అమెరికాలో పెద్దవారిపై చేసి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నా రక్త పరీక్షలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లజాతివారిలో 11.7 శాతం ఉన్నట్టు తేలింది. చామనఛాయ, నలుపు రంగు ఎక్కువగా ఉన్న మన సమాజానికి ఇది పట్టించుకోవలసిన సంగతి. పెదాలు నీలం తిరగడం కూడా ముదురు చర్మంమీద ఆలస్యంగా కనబడుతుంది. నాలుక, చిగుళ్లు, కింది కనురెప్ప లోపలి భాగం చూస్తే తేడా త్వరగా తెలుస్తుంది.

పంపు ఇచ్చాక గడిచే సమయమే గడియారం

ఇంట్లో తీసుకోవలసిన నిర్ణయానికి అన్నిటికంటే గట్టి ఆధారం రిలీవర్ పంపుకు వచ్చే స్పందన. ఏ దేశం మార్గదర్శకాలు చూసినా లెక్కలు వేరైనా చట్రం ఒకటే. ఇంత మోతాదు, ఇంతసేపు ఎదురుచూపు, అంతటితో తగ్గకపోతే ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రి. ఆస్ట్రేలియాలో ‘నాలుగు’ సూత్రం ఉంది. నాలుగు పఫ్‌లు (పంపును ఒకసారి నొక్కితే వచ్చే మందు ఒక పఫ్) ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి నాలుగు ఊపిరులు, నాలుగు నిమిషాల ఆగడం, తగ్గకపోతే మరో నాలుగు, అప్పటికీ తగ్గకపోతే అంబులెన్స్. బ్రిటన్‌లో అర నిమిషం నుంచి నిమిషం తేడాతో ఒక్కో పఫ్ చొప్పున పది దాకా ఇచ్చి, తగ్గకపోతే అత్యవసర నంబరుకు ఫోన్ చేయమంటారు. అమెరికా 2007 జాతీయ మార్గదర్శకాలు 20 నిమిషాల తేడాతో రెండు దఫాలు, దఫాకు 2 నుంచి 6 పఫ్‌లు అనుమతిస్తాయి. ఐదేళ్లలోపు పిల్లలకు అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు ఇంకా జాగ్రత్తగా ఉంటాయి. రెండేసి పఫ్‌లతో మొదలుపెట్టి, మొదటి రెండు గంటల్లో ఆరు పఫ్‌లకు మించి అవసరమైతే వైద్యుడి దగ్గరికి వెళ్లాలంటాయి.

ఏది పాటించాలన్నది బిడ్డను చూసే డాక్టరు వయసునూ మందునూ బట్టి కాగితంమీద రాసివ్వాలి. మన దగ్గర వాడే పంపుల్లో అస్తాలిన్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు, లెవోలిన్ ఒక పఫ్‌లో 50 మైక్రోగ్రాముల మందు ఇస్తాయి. రెండోది వేరే రూపంలోని మందు కాబట్టి అంకె సగమైనంత మాత్రాన బలం సగమని కాదు. అయినా పఫ్‌ల లెక్కను సొంతంగా ఒకదాన్నుంచి ఒకదానికి మార్చుకోకూడదు. వేళ మాత్రం గోడ గడియారం చూసి రాసుకోవాలి. ‘ఇందాకే ఇచ్చాం కదా’ అన్న జ్ఞాపకం ఆ రాత్రి నమ్మదగ్గది కాదు.

ఈ లెక్కలో అందరూ వదిలేసేది రెండో సగం. పంపుతో ఆయాసం తగ్గిందా అన్నది మొదటి సగం, ఎంతసేపు తగ్గి ఉంది అన్నది రెండోది. సాల్బుటమాల్ ప్రభావం మామూలుగా నాలుగైదు గంటలుంటుంది. పదింటికి ఇచ్చిన పంపు పన్నెండుకే అయిపోయినట్టు అనిపిస్తే, మళ్లీ ఇచ్చింది ఒంటిగంటకే చాలకపోతే, ప్రతిసారీ కొంత ‘తగ్గుతూనే’ ఉన్నా దాడి ముదురుతోందన్నమాట. మూడు నాలుగు గంటలు నిలవని ఉపశమనాన్ని ఉపశమనంగా లెక్కించకూడదు. ఆ రాత్రి తెల్లారే దాకా ఆగకూడదు. ఏడాదిలోపు బిడ్డకు కొన్ని గంటల్లో పదేపదే పంపు అవసరమైతే, మధ్యమధ్య బాగానే కనిపించినా ఆరోజే డాక్టరు చూడాలి.

పంపు పనిచేయలేదన్న నిర్ధారణకు ముందు అది లోపలికి వెళ్లిందో లేదో చూసుకోవాలి. స్పేసర్ (పంపుకూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం) లేకుండా నేరుగా నోట్లో కొడితే మందులో పెద్ద భాగం నాలుకమీదా గొంతులోనూ మిగిలిపోతుంది. చిన్నపిల్లలకు మాస్కు ఉన్న స్పేసర్ మొహానికి సందు లేకుండా ఆనించాలి. రెండు మూడు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టకూడదు. అలాగని పద్ధతి సరిదిద్దడంలో అరగంట గడపడమూ తప్పే. తీవ్ర లక్షణాలు మొదటి నుంచే కనిపిస్తుంటే పంపు ఫలితం కోసం ఎదురుచూడకుండా ఒకరు పఫ్‌లు ఇస్తుండగా ఇంకొకరు ఫోన్ చేయాలి.

నెబులైజర్, సిరప్, సూది

పంపుకంటే నెబులైజర్ (మందును సన్నని తుంపరగా మార్చి మాస్కుతో పీల్పించే యంత్రం) బలమైనదన్న నమ్మకం గట్టిగా ఉంది. తేలికపాటి, మధ్యస్థ దాడుల్లో స్పేసర్‌తో ఇచ్చిన పంపు పిల్లలకు నెబులైజర్‌తో సమానంగా పనిచేస్తుందని పరిశోధనల సమీక్షలు పదేపదే తేల్చాయి. అత్యవసర విభాగంలో ఉండవలసిన సమయం కూడా పంపుతోనే తగ్గింది. ఆసుపత్రిలో తీవ్ర దాడికి నెబులైజర్ పెట్టేటప్పుడు దాన్ని ఆక్సిజన్‌తో నడుపుతారు. ఇంట్లోని యంత్రం గదిలో గాలితో నడుస్తుంది. ఈ తేడా తెలియక, ఇంట్లో యంత్రం ఉందన్న ధైర్యంతో గంట గంటకూ పెట్టుకుంటూ తెల్లార్చడం కొత్త రకం ఆలస్యం. నెబులైజర్ దఫాలకు కూడా పఫ్‌లకు ఉన్నట్టే ఒక హద్దు ఉండాలి.

సాల్బుటమాల్ సిరప్ కడుపులోంచి రక్తంలోకి వెళ్లి పనిచేయడానికి అరగంట వరకూ పడుతుంది, వణుకూ గుండెదడా ఎక్కువ. దాడి సమయంలో దానిమీద ఆధారపడలేం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డెరిఫిలిన్ సూది వేయించుకుని రావడం పాత అలవాటు. ఆ తరగతి మందులకు పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ, అందుకే అంతర్జాతీయ మార్గదర్శకాలు దాడి సమయంలో వాటిని వాడొద్దంటున్నాయి. ఆవిరి పట్టడం ఉబ్బసం దాడిని ఆపదు, పైగా మరిగే నీళ్ల దగ్గర గస పోస్తున్న బిడ్డను ఉంచితే కాలిన గాయాల ప్రమాదం.

హద్దు తగ్గించుకోవలసిన పిల్లలు

ఒకే లక్షణం ఇద్దరు పిల్లల్లో ఒకే అర్థం ఇవ్వదు. గతంలో ఎప్పుడైనా ఐసీయూలో ఉన్నా, వెంటిలేటర్ పెట్టవలసి వచ్చినా, గడిచిన ఏడాదిలో ఆయాసంతో ఆసుపత్రిలో చేరినా ఆ బిడ్డ విషయంలో ఇతరులకంటే ముందే బయల్దేరాలి. రోజూ వాడవలసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను ‘అలవాటైపోతుందేమో’ అన్న భయంతో మానేసిన పిల్లలు, నెలకో రిలీవర్ పంపు ఖాళీ చేసేస్తున్న పిల్లలు కూడా ఈ కోవలోకే వస్తారు. పైన చెప్పిన బ్రిటిష్ సమీక్షలో రిలీవర్ వాడుతున్న మృతుల్లో 39 శాతం మందికి చివరి ఏడాదిలో 12 కంటే ఎక్కువ పంపులు రాసిచ్చారు. పంపు ఎంత తరచుగా అవసరమైతే లోపలి వాపు అంత అదుపు తప్పినట్టు.

తిండి పడకపోవడం ఉన్న పిల్లల సంగతి వేరు. రొయ్యలు, వేరుశనగ, గుడ్డు వంటివి తిన్న కొద్దిసేపటికే ఆయాసంతోపాటు దద్దుర్లు, మొహం వాపు, వాంతులు వస్తే అది ఉబ్బసం దాడి ఒక్కటే అయి ఉండదు. దానికి మొదటి మందు తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్, పంపు ఆ తర్వాతే. ఆడుకుంటూనో తింటూనో ఉన్న రెండేళ్ల బిడ్డకు జలుబేమీ లేకుండా హఠాత్తుగా దగ్గూ ఆయాసమూ మొదలైతే వేరుశనగ పలుకో, సీతాఫలం గింజో శ్వాసనాళంలోకి వెళ్లిందేమోనని అనుమానించాలి. కుక్క మొరిగినట్టు దగ్గుతూ, గాలి పీల్చేటప్పుడు గరుకు శబ్దం వస్తుంటే అడ్డు పై భాగంలో, గొంతు దగ్గర ఉన్నట్టు. ఈ మూడింటిలోనూ పంపుతో కాలయాపన చేయకూడదు.

దూరం కూడా ఒక లక్షణమే

పుస్తకాల్లోని హద్దులు చాలావరకు ఆసుపత్రి దగ్గరున్నవారిని ఊహించుకుని రాసినవి. ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి గంటన్నర ప్రయాణం ఉన్న ఊళ్లో ‘ఇంకో దఫా పంపు ఇచ్చి చూద్దాం’ అనుకోవడానికి ఆ గంటన్నర వెసులుబాటు ఉండదు. రెండు దఫాల తర్వాత సందేహంగా ఉంటే పట్నంలో ఉన్నవారు ఇంకాస్త గమనించవచ్చు, ఏజెన్సీ గూడెంలోనో మారుమూల తండాలోనో ఉన్నవారు అప్పటికే దారిలో ఉండాలి. రాత్రి వర్షం పడితే వాగు పొంగే దారి అయితే చీకటి పడకముందే నిర్ణయం తీసుకోవాలి.

108 సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. బైకుమీద ఇద్దరి మధ్య నొక్కి కూర్చోబెట్టి తీసుకెళ్లడానికీ, ఆక్సిజన్, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న వాహనంలో తీసుకెళ్లడానికీ తేడా ఈ వ్యాధిలో చాలా ఎక్కువ. అంబులెన్స్ ఆలస్యమవుతుందని చెబితే మాత్రం కారో ఆటోనో పట్టుకుని, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకుని, దారి పొడుగునా పఫ్‌లు ఇస్తూ వెళ్లాలి. వెళ్లవలసింది ఆక్సిజన్, నెబులైజర్ ఉండి రాత్రి డాక్టరు దొరికే అతి దగ్గరి ఆసుపత్రికి. రోజూ చూసే పిల్లల డాక్టరు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆయన దగ్గరికి తర్వాత వెళ్లవచ్చు. వాడుతున్న మందులు, పంపు ఇచ్చిన వేళలు రాసిన కాగితం వెంట ఉంటే అక్కడ మొదటి పది నిమిషాలు కలిసొస్తాయి.

ఆసుపత్రిలో ఏం చేస్తారో తెలిస్తే ఇంట్లో ఆగడం ఎందుకు పనికిరాదో కూడా అర్థమవుతుంది. ఆక్సిజన్ శాతాన్ని 94 పైన నిలుపుతూ, సాల్బుటమాల్‌తోపాటు శ్వాసనాళాలను సడలించే మరో మందు ఇప్రట్రోపియం కలిపి వెంటవెంటనే ఇస్తారు, మొదటి గంటలోనే స్టెరాయిడ్ మొదలుపెడతారు, లొంగకపోతే మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు. స్టెరాయిడ్‌కు గంటలు పడుతుంది కాబట్టి అది ఒంట్లోకి ఎంత ముందు వెళితే అంత మేలు. మూడు నుంచి ఐదు రోజుల స్టెరాయిడ్ కోర్సు గురించి తల్లిదండ్రుల్లో ఉన్న భయం, ఏళ్ల తరబడి వాడేవారిలో కనిపించే దుష్ఫలితాలనుంచి వచ్చింది. అరుదుగా వాడే చిన్న కోర్సుకు అది వర్తించదు. ఏడాదిలో మళ్లీ మళ్లీ అలాంటి కోర్సులు అవసరమవుతుంటే మాత్రం రోజువారీ చికిత్సను సరిచేయాలి.

దాడులు గుంపుగా వచ్చే వారాలు

పిల్లల్లో దాడులకు పెద్ద కారణం జలుబు తెచ్చే రైనోవైరస్. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచిన రెండు మూడు వారాలకు, సెప్టెంబర్‌లో, పిల్లల ఉబ్బసం కేసులు ఏటా ఎగబాకుతాయి. అక్కడి తెలుగు కుటుంబాలు ఆగస్టులోనే పంపులు, బడిలో ఇవ్వవలసిన చికిత్స పత్రం సిద్ధం చేసుకోవడం మంచిది. తెలుగు రాష్ట్రాల్లో బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి, తొలకరి కూడా అప్పుడే. మృగశిర కార్తె నాడు చేప ప్రసాదం కోసం హైదరాబాద్ నాంపల్లి మైదానానికి వేలమంది చేరేదీ ఆ రోజుల్లోనే. దానితో ఉబ్బసం నయమవుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. నమ్మకంతో వెళ్లేవారు కూడా రోజువారీ ఇన్‌హేలర్ ఆపకూడదు, పిల్లలతో ప్రయాణించేటప్పుడు రిలీవర్ పంపు దగ్గరుంచుకోవాలి. దీపావళి పొగ, చలికాలపు మంచు మరో రెండు గడ్డు కాలాలు.

మెల్‌బోర్న్‌లో 2016 నవంబర్ 21 సాయంత్రం వచ్చిన ఉరుముల గాలివాన, గడ్డి పుప్పొడిని చిట్లించి నగరమంతా చల్లింది. కొన్ని గంటల్లో వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. బాధితుల్లో భారత్, శ్రీలంకల్లో పుట్టినవారు జనాభాలో తమ వాటాకంటే ఎక్కువగా ఉన్నారు. అంతకుముందు ఉబ్బసమే లేక, పుప్పొడి తుమ్ములు మాత్రమే ఉన్నవారు ఎందరో. మొదటి దాడి కాబట్టి వారి ఇళ్లలో పంపు లేదు. జీవితంలో మొదటిసారి ఆయాసం వచ్చిన బిడ్డ విషయంలో ఇంటి లెక్కలేవీ పనిచేయవు, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

ఇంటికి వచ్చాక

దాడి తగ్గి ఇంటికి వచ్చిన మొదటి కొన్ని రోజులు మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. కండరం బిగుతు వదిలినా వాపు తగ్గడానికి రోజులు పడుతుంది. చిన్నపిల్లలను ఒకటి రెండు రోజుల్లో, పెద్దపిల్లలను వారంలోపు తిరిగి డాక్టరుకు చూపించాలి. బిడ్డ ఆడుకుంటోంది కదా అని స్టెరాయిడ్ కోర్సును రెండో రోజే ఆపేయకూడదు. ఆ సందర్శనలోనే, మళ్లీ ఆయాసం వస్తే ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికి, ఎప్పుడు బయల్దేరాలన్నది తెలుగులో రాయించుకుని, బిడ్డను చూసుకునే అమ్మమ్మకూ నానమ్మకూ, బడిలో టీచరుకూ ఒక్కో నకలు ఇవ్వాలి.

పంపులో ఎంత మందు మిగిలిందో కూడా అప్పుడే చూసుకోవాలి. మామూలుగా ఒక పంపులో 200 పఫ్‌లుంటాయి. లెక్క చూపించే కౌంటర్ లేని పంపును ఊపి చూసినా, నీళ్లలో వేసి చూసినా మిగిలింది తెలియదు. మందు అయిపోయాక కూడా తోసే వాయువు మిగిలి ఉండటం వల్ల నొక్కినప్పుడల్లా మామూలుగానే తుంపర వస్తుంది. పంపుకు లొంగలేదనుకున్న కొన్ని ఆయాసాలు ఖాళీ పంపుతో తెల్లార్చినవే. తెరిచిన తేదీని పంపుమీద పెన్నుతో రాసి, రెండోది ఇంట్లో ఉండగానే మొదటిది అయ్యేలా చూసుకోవాలి.